ఉమ్మి పరీక్ష రిపోర్టు చూసి చెల్లెలి పెళ్లి ఆపాలా?

ముందు అమ్మగారికి ఈ ఒక్క మాట చెప్పండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ఆ రిపోర్టు చూసి పెళ్లి ఆపాల్సిన పని లేదు. అలాగని అందులో "లేదు" అని రాసిన చోటల్లా గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవడానికీ లేదు. నాకు ఈ రెండో మాట ఎక్కువ ముఖ్యం, ఎందుకో చెప్తాను.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీది ప్రొద్దుటూరు, ఆర్యవైశ్య కుటుంబం, ఉద్యోగం బెంగళూరులో. ఆఫీసులో ఎవరో ఆఫర్ ఉందంటే కిట్ తెప్పించుకుని ట్యూబులో ఉమ్మి పంపారు, రిపోర్టు వచ్చింది. మూలాలు దక్షిణ భారతం 91 శాతం, మధ్య ఆసియా 6 శాతం, మిగతాది అక్కడక్కడ. గుండెజబ్బు రిస్కు సగటు కంటే ఎక్కువ, మతిమరుపు జబ్బు అల్జీమర్స్ రిస్కు ఉంది, రొమ్ము క్యాన్సర్ తెచ్చే జన్యు మార్పులు అంటే మ్యుటేషన్లు లేవు, రక్తం సరిగా తయారుకాని తలసీమియా లేదు. నాన్నగారికి 52 ఏళ్లకు హార్ట్ అటాక్ వచ్చింది. చిన్నమ్మ 41 ఏళ్లకు రొమ్ము క్యాన్సర్‌తో పోయారు. చెల్లెలికి మేనమామ కొడుకుతో నిశ్చితార్థం అయింది, ఈ రిపోర్టు చూశాక అమ్మగారు "మన రక్తంలోనే ఏదో దోషం ఉందంట" అని అన్నం మానేశారు. ఇంటిల్లిపాదికీ కిట్లు తెప్పించాలా, పెళ్లి గురించి మళ్లీ ఆలోచించాలా అని అడిగారు.

నేను కర్నూలులో 22 ఏళ్లుగా పిల్లల డాక్టరుని. మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి పుట్టుకతో వచ్చే జబ్బులున్న పిల్లలు నా దగ్గరికి ఎక్కువగానే వస్తారు, వాళ్ల కోసమే మధ్యలో హైదరాబాద్ వెళ్లి జన్యు వైద్యంలో ట్రైనింగ్ తీసుకున్నాను. జన్యు పరీక్ష రాయడం, వచ్చిన కాగితాన్ని తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పడం నా రోజువారీ పని. ఈ మధ్య కొన్నేళ్లుగా ఇలా ఇంటికి తెప్పించుకున్న రిపోర్టును ఫోన్‌లో పట్టుకుని వచ్చేవాళ్లు పెరిగారు. వాళ్లలో సగం మంది అనవసరంగా భయపడి వస్తున్నారు, మిగతా సగం అనవసరంగా ధైర్యం తెచ్చుకుని అసలు రావడమే మానేస్తున్నారు.

మీ ఉమ్మిలో ఆ కంపెనీ ఏం చదివిందో ముందు చూద్దాం. మనిషి డీఎన్ఏలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటాయి. ఈ కిట్లలో వాడే చిప్పు చాలావరకు అందులో ఆరేడు లక్షల చోట్ల మాత్రమే చూస్తుంది. వెయ్యి పేజీల పుస్తకంలో మూడు పేజీలకు ఒక అక్షరం చొప్పున చదివినట్టు అనుకోండి. అవి గుడ్డిగా ఎంచుకున్న అక్షరాలు కావు, మనిషికీ మనిషికీ తేడా తరచుగా కనిపించే చోట్లే ఎంచుకుంటారు, ఆ తరచుగా ఉండే తేడాలను చిప్పు బాగానే చదువుతుంది. ఉదాహరణకు స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్ర కొందరికి సరిగా పనిచేయదు, దానికి కారణమైన సీవైపీ2సీ19 జీన్‌లోని మార్పు మన దేశంలో చాలామందికి ఉంటుంది, దాన్ని చిప్పు పట్టుకోగలదు. కాబట్టి కిట్ మొత్తం బూటకం అనను.

గొడవ ఎక్కడంటే, నిజంగా ప్రాణం మీదికి తెచ్చే మ్యుటేషన్లు చాలావరకు అరుదైనవి, అరుదైనవాటి దగ్గరే చిప్పు తడబడుతుంది. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది, పరిశోధన కోసం బ్రిటన్ జనం నమూనాలు దాచే యూకే బయోబ్యాంక్‌లోని వేలాదిమంది నమూనాలను చిప్పుతోనూ, అక్షరం అక్షరం వరుసగా చదివే సీక్వెన్సింగ్‌తోనూ చదివి పోల్చారు. లక్షమందిలో ఒకరి కంటే అరుదైన మ్యుటేషన్ "ఉంది" అని చిప్పు చెప్పినప్పుడు అది నిజమైంది 16 శాతం సార్లు మాత్రమే. మిగతా 84 శాతం ఉత్తదే. అందుకే నేను చిప్పు రిపోర్టు మీద ఆపరేషన్ గానీ, మందు గానీ, పెళ్లి గానీ ఏ నిర్ణయమూ తీసుకోనివ్వను, మళ్లీ రక్తం తీసి సరైన ల్యాబులో సీక్వెన్సింగ్ చేయించి నిర్ధారించుకున్నాకే మాట్లాడతాను.

ఇక "లేదు" సంగతి. మీ చిన్నమ్మగారి విషయం మీరు ఒక్క లైన్‌లో రాసి వదిలేశారు గానీ మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది ఆ లైనే. 41 ఏళ్లకు రొమ్ము క్యాన్సర్ అంటే అది చిన్న వయసు. రొమ్ము క్యాన్సర్‌తో సంబంధమున్న బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే రెండు జీన్లలో హాని చేసే మ్యుటేషన్లు వేలల్లో ఉన్నాయి. అమెరికాలో ఇలాంటి ఉమ్మి కిట్లు అమ్మే ట్వంటీ త్రీ అండ్ మీ కంపెనీకి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో వాటిలో మూడింటిని చూసి చెప్పడానికి అనుమతి ఇచ్చింది. మూడంటే మూడు, అవి కూడా అష్కెనాజీ అనే యూరప్ యూదుల్లో ఎక్కువగా కనిపించేవి. 2023లో ఇంకో 41 కలిపారు. మీ కిట్ వేరే కంపెనీది కావచ్చు, కానీ రిపోర్టు చివర చిన్న అక్షరాల్లో ఎన్ని మ్యుటేషన్లు చూశారో రాసి ఉంటుంది, తీసి చదవండి. యూరప్ యూదులకు వచ్చే మూడు మ్యుటేషన్లు ప్రొద్దుటూరు మనిషిలో కనపడలేదంటే అది మీకు ఇచ్చిన హామీ కాదు. ఎవరి ఇంటి తాళంచెవో తెచ్చి మన బీరువా తెరిచి చూశాం, తెరుచుకోలేదు, లోపల ఏమీ లేదు అన్నట్టుంది అది.

ఇంకో సంగతి, ఇది ఆడవాళ్ల జబ్బు కదా అని మగవాళ్లను లెక్కలో తీసేయకండి. ఈ మ్యుటేషన్ తండ్రి నుంచి కూడా కూతురికి వస్తుంది, ఒక్కో బిడ్డకు సగానికి సగం అవకాశం. మీ మేనమామ, చిన్నమ్మ, అమ్మగారు తోబుట్టువులు. అంటే చిన్నమ్మకు ఉండి ఉంటే మీ అమ్మగారికీ ఉండొచ్చు, మేనమామకూ ఉండొచ్చు. పరీక్ష ఎప్పుడూ జబ్బు వచ్చిన మనిషితో మొదలుపెట్టాలి, ఆమె లేరు కాబట్టి తర్వాత దగ్గర అమ్మగారే. ఉమ్మి కిట్ కాదు, రక్తంతో చేసే పూర్తి సీక్వెన్సింగ్ ప్యానెల్, పరీక్షకు ముందూ తర్వాతా కూర్చోబెట్టి వివరించే డాక్టరు ఉన్నచోట. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, మీకు బెంగళూరు దగ్గరైతే అక్కడి పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లోనూ దొరుకుతుంది. ఆలోగా అమ్మగారిని ఒకసారి డాక్టరుకు చూపించి మామోగ్రామ్ చేయించండి, దానికి ఏ జన్యు రిపోర్టూ అక్కర్లేదు.

ఇప్పుడు మీ కుటుంబానికి నిజంగా అవసరమైన, మీ రిపోర్టులో ఎక్కడా లేని సంగతికి వస్తాను. ఆపరేషన్‌లో ఇచ్చే ఒక ఇంజెక్షన్ కొందరికి గంటల తరబడి దిగకపోయే లోపం అది. మీరు పెట్టిన జబ్బుల జాబితా పైనుంచి కింది దాకా రెండుసార్లు చూశాను, ఆ పేరే లేదు.

2009లో నేచర్ అనే సైన్స్ పత్రికలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్ గార్లు, అమెరికా హార్వర్డ్ యూనివర్సిటీ డేవిడ్ రైక్ బృందం కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. మన దేశంలోని 25 సమూహాల నుంచి 132 మంది డీఎన్ఏ చూశారు. అందులో మన ఆంధ్రా వైశ్యులూ ఉన్నారు. తేలిందేమిటంటే వైశ్యులు 100 తరాలకు పైగా వెనక ఒక చిన్న గుంపు నుంచి పెరిగి వచ్చినవాళ్లు, ఆ తర్వాత బయటివాళ్లతో కలవడం చాలా తక్కువ. చిన్న గుంపులో ఎవరో ఒకరిద్దరికి ఉన్న మ్యుటేషన్, ఆ గుంపు లక్షల్లోకి పెరిగినప్పుడు దానితోపాటే పెరుగుతుంది. ఇది ఒక్క వైశ్యుల సంగతి కాదు, దయచేసి ఎవరూ అలా తీసుకోవద్దు. 2017లో ఇదే వరుసలో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది, దక్షిణాసియాలోని 263 సమూహాల్లో 81 సమూహాలకు ఇలాంటి చరిత్ర, దీనికి పేరుపడ్డ ఫిన్లాండ్ వాళ్లకంటే, అష్కెనాజీ యూదులకంటే బలంగా ఉందని తేలింది. రెడ్డి, బలిజ, బోయ, కురుబ, ముస్లిం, ఎవరైనా కానీ, మనదంతా లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకున్న దేశం.

వైశ్యుల్లో అలా పెరిగిన మ్యుటేషన్ ఒకటి బీసీహెచ్ఈ అనే జీన్‌లో ఉంది. ఆ జీన్ తయారుచేసే ఎంజైమ్ పేరు సూడోకోలినెస్టరేస్. మామూలు జీవితంలో అది తక్కువగా ఉన్నా మనిషికి తెలియదు, తిండి తింటాడు, పరుగెత్తుతాడు, వందేళ్లు బతుకుతాడు. తేడా వచ్చేది ఆపరేషన్ టేబుల్ మీద. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో గొట్టం వేయడానికి కండరాలను వదులు చేసే ఇంజెక్షన్ ఒకటి ఇస్తారు, సక్సినైల్‌కోలిన్, మత్తు డాక్టర్లు స్కోలిన్ అంటారు. మామూలు మనిషిలో ఆ ఎంజైమ్ దాన్ని ఐదు పది నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఈ మ్యుటేషన్ వచ్చిన మనిషిలో అది గంటల తరబడి అలాగే ఉంటుంది. అంతసేపూ చెయ్యి కదలదు, కన్ను తెరవలేడు, సొంతంగా ఊపిరి తీసుకోలేడు. వెంటిలేటర్ మీద పెట్టి ఓపిగ్గా కాచుకుంటే దానంతట అదే దిగిపోతుంది, ప్రాణానికి ఏమీ కాదు. ముందే తెలిస్తే ఇంకా మంచిది, వేరే మందు ఇస్తారు, అసలు సమస్యే రాదు.

నాకు బాగా గుర్తున్న కేసు ఒకటి చెప్తాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. మీ వైపు కుటుంబమే, నాలుగేళ్ల బాబుకు హెర్నియా ఆపరేషన్. ఆపరేషన్‌కు ముందు నా అలవాటు ప్రకారం ఓపీ చీటీ వెనక వంశవృక్షం గీస్తున్నాను. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, మేనరికం అయితే ఇద్దరి మధ్య రెండు గీతలు. తల్లిదండ్రులు ఇద్దరూ చదువుకున్నవాళ్లే, "మా ఇళ్లల్లో ఏ జబ్బులూ లేవండి" అన్నారు. వాళ్లతో వచ్చిన అవ్వ గోడవార బెంచీ మీద కూర్చుని, కొంగులో పిల్లాడి చెప్పులు పెట్టుకుని వింటా ఉంది. నేను అలవాటుగా "మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది అయిందా అవ్వా" అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి "మా ఆడబిడ్డకు కాన్పు ఆపరేషన్ అయినప్పుడు పొద్దున లోపలికి తీసుకుపోతే చీకటి పడేదాకా కళ్లు తెరవల్యా సామీ, ఇంక లేవదనుకుని మా అత్త ఏడ్చింది, మిషనుతో ఊపిరి పెట్టినారు, రాత్రికి మామూలుగా లేచి కూర్చునింది" అంది. ఆ మాట ఆ కొడుకూ కోడలూ అంతకుముందు విననే లేదు. ఆ ఆడబిడ్డ ఎవరంటే పిల్లాడి తల్లికి అమ్మ, అంటే ఆ దంపతులదీ మేనరికమే.

వెంటనే మత్తు డాక్టరు గారికి చెప్పాను, ఆయన బాబు రక్తంలో సూడోకోలినెస్టరేస్ చూడమన్నారు. ఇదేమీ అరుదైన పరీక్ష కాదు. పురుగుల మందు తాగిన కేసుల్లో తీవ్రత చూడటానికి మన రాయలసీమ ఆసుపత్రుల్లో చేసే పరీక్షే ఇది. రిపోర్టులో ఆ ఎంజైమ్ దాదాపు లేనట్టే వచ్చింది. స్కోలిన్ జోలికి పోకుండా వేరే మందుతో ఆపరేషన్ చేశారు, బాబు గంటలో లేచి అవ్వను బిస్కెట్ అడిగాడు. ఏ చిప్పూ పట్టుకోని సంగతిని ఆ బెంచీ మీద కూర్చున్న మనిషి పట్టుకుంది. ఈ పరీక్ష గురించి డాక్టర్లు కూడా గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటి ఉంది, వైశ్య కుటుంబంలోని మనిషికి ఈ ఎంజైమ్ తక్కువ వచ్చినంత మాత్రాన పురుగుల మందు తాగాడని తీర్మానించకూడదు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికి ఆపరేషన్ అన్నా, ముఖ్యంగా రేపు మీ చెల్లెలికి సిజేరియన్ దాకా వస్తే, మత్తు డాక్టరుతో "మేం ఆర్యవైశ్యులం, సూడోకోలినెస్టరేస్ చూశారా" అని నోరు తెరిచి అడగండి. మొహమాటం అక్కర్లేదు, కులం చెప్పుకోవడం అనుకోవద్దు, బ్లడ్ గ్రూప్ చెప్పినట్టే చెప్పండి. మన దగ్గర పనిచేసే సీనియర్ మత్తు డాక్టర్లకు ఈ విషయం తెలుసు, కొందరు వాళ్లే అడుగుతారు.

ఇక పెళ్లి. మేనమామ కొడుకు, మేనత్త కూతురు అంటే ఇద్దరికీ ఒకే తాత, ఒకే అవ్వ. వాళ్లిద్దరి డీఎన్ఏలో ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం, ఒకేచోటి నుంచి వచ్చింది. మేనమామనే చేసుకుంటే అది నాలుగో వంతు. మనందరిలోనూ ఒక కాపీ చెడిపోయిన జీన్లు కొన్ని ఉంటాయి, రెండో కాపీ బాగుంటుంది కాబట్టి మనకేమీ కాదు. భార్యాభర్తలిద్దరికీ చెడిపోయింది ఒకే జీన్ అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ చెడ్డవే వచ్చే అవకాశం 25 శాతం. మేనరికంలో ఆ "ఒకే జీన్" అయ్యే అవకాశం పెరుగుతుంది, అంతే. బంధుత్వం లేని జంటకు బిడ్డ ఏదైనా పెద్ద పుట్టుక లోపంతో పుట్టే అవకాశం నూటికి రెండు మూడు ఉంటుంది, దగ్గర మేనరికంలో అది దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే నూటికి 94, 95 మంది ఆరోగ్యంగానే పుడతారు. ఈ లెక్క అమ్మగారికి ఇలాగే చెప్పండి, రెట్టింపు అని ఒక్క మాట చెప్పి ఆపితే ఆమె ఇంకా భయపడతారు. అయితే మీ ఇంట్లో మూడు నాలుగు తరాలుగా వరసగా మేనరికాలే అయితే ఆ 12.5 శాతం కాగితం మీది లెక్కే, అసలుది ఎక్కువ ఉంటుంది. ఎన్ని తరాల నుంచో మీరు రాయలేదు, కనుక్కోండి.

పెళ్లి ఆపమని నేను చెప్పను, అది వాళ్లిద్దరి నిర్ణయం, వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి అడగాల్సిందే తప్ప పెద్దవాళ్లు రిపోర్టు ఊపుతూ తేల్చేది కాదు. కానీ చేయించాల్సిన పరీక్షలు ఉన్నాయి, అవి మీ కిట్‌లో లేవు. మొదటిది తలసీమియా. మీ రిపోర్టులో లేదని వచ్చింది మీకు, మీ చెల్లెలికి కాదు. పైగా మీకు కూడా ఆ చిప్పు చూసిన మ్యుటేషన్లు లేవనే అర్థం. మామూలు రక్తపరీక్ష సీబీపీ, దాంతోపాటు హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షలో హిమోగ్లోబిన్ ఏ2 ఎంతుందో చూస్తే, ఏ మ్యుటేషన్ అన్నదానితో పని లేకుండా క్యారియర్ అయితే, అంటే తనకు జబ్బు లేకుండా చెడిపోయిన కాపీ ఒకటి మోస్తుంటే, చాలావరకు తెలిసిపోతుంది. ఖర్చూ తక్కువే, ప్రొద్దుటూరులో రక్తం తీసి పంపే ల్యాబులున్నాయి. రక్తహీనత అని ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగి, ఎంతకీ హిమోగ్లోబిన్ పెరగక చివరికి క్యారియర్ అని తేలిన ఆడపిల్లల్ని ఎంతమందినో చూశాను. కాబోయే దంపతులిద్దరికీ చేయించండి. ఇద్దరిలో ఒకరే క్యారియర్ అయితే బిడ్డకు పెద్ద జబ్బు రాదు.

రెండోది ఇద్దరికీ కలిపి చేసే క్యారియర్ స్క్రీనింగ్, సీక్వెన్సింగ్‌తో. దీనికి ఖర్చు ఎక్కువ, వేలల్లో అవుతుంది. కానీ దీనికంటే ముందు, డబ్బు పెట్టకముందే చేయాల్సింది రెండు వైపులా అడగడం: పుట్టి పోయిన బిడ్డలున్నారా, చెవుడు, మూగ, ఫిట్స్, నడక రాకపోవడం, కంటిచూపు తగ్గడం ఎవరికైనా ఉందా అని. అలాంటి బిడ్డ ఒకరు బతికి ఉంటే ముందు ఆ బిడ్డకు పరీక్ష చేసి మ్యుటేషన్ ఏదో కనుక్కుంటే, ఆ ఒక్కదాని కోసం ఈ ఇద్దరిలో వెతకడం చాలా సులువు, నమ్మకం కూడా. ఏదీ తెలియకుండా చేసే వెతుకులాటలో "ఏమీ దొరకలేదు" అన్నది పూర్తి భరోసా కాదు. ఇక గర్భం వచ్చాక బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్, బిడ్డ పుట్టగానే వినికిడి పరీక్ష, ఈ రెండూ మేనరికం అయినా కాకపోయినా తప్పక చేయించండి. చెవుడు ఆరు నెలల్లోపు పట్టుకుంటే బిడ్డకు మాట వస్తుంది, మూడేళ్లకు తీసుకొస్తే నేను చేయగలిగేది బాగా తగ్గిపోతుంది. ఇది రాస్తుంటేనే నాకు కడుపులో దేవినట్టవుతుంది, అంత ఆలస్యంగా వచ్చే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

మీ గుండె రిస్కు గురించి. "సగటు కంటే ఎక్కువ" అనేది చాలా చోట్ల ఉన్న చిన్న చిన్న తేడాలన్నీ కూడి వేసిన స్కోరు. ఆ స్కోర్లు తయారైంది ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ల డేటా మీద, మనవాళ్ల మీద వాటి అంచనా అంత బాగా కుదరదు. అదలా ఉంచండి, తండ్రికి 55 ఏళ్లలోపు హార్ట్ అటాక్ వచ్చిందంటే అదొక్కటే మీకు గట్టి హెచ్చరిక, దానికోసం ఉమ్మి పంపనక్కర్లేదు. బీపీ, మూడు నెలల షుగర్ సగటు, లిపిడ్ ప్రొఫైల్ చేయించండి, వాటితోపాటు లైపోప్రోటీన్-ఎ అనే ఒక రకం కొలెస్ట్రాల్ పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. అది తిండితో మారేది కాదు, దాదాపు పూర్తిగా పుట్టుకతో వచ్చేది, వంశపారంపర్యంగా గుండెజబ్బు ఉన్న ఇళ్లల్లో చాలాసార్లు అదే ఎక్కువ ఉంటుంది. మీ చెల్లెలికీ ఇవే. సిగరెట్ ఉంటే ఈ రోజే ఆపండి.

అల్జీమర్స్ గురించి మీరు రాత్రిళ్లు నిద్రపోవడం లేదన్నారు. వాళ్లు చూసేది ఏపీఓఈ జీన్‌లో ఈ4 అనే రకం. అది ఒక కాపీ ఉంటే రిస్కు పెరుగుతుంది, నిజమే, కానీ ఉన్నవాళ్లలో చాలామందికి ఆ జబ్బు రాదు, లేనివాళ్లకూ వస్తుంది. డాక్టర్లు కూడా మీ వయసులో ఆ పరీక్ష మామూలుగా రాయరు, ఎందుకంటే దాన్ని తెలుసుకుని ఇప్పుడు కొత్తగా చేయగలిగేది లేదు, బీపీ షుగర్ అదుపులో పెట్టుకోవడం తప్ప, అది ఎలాగూ చేయాల్సిందే. ఆ పేజీ మూసేయండి. అమ్మగారికి చూపించకండి.

మూలాల సంగతి మీరు సరదాగానే అడిగారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఆ 6 శాతం మధ్య ఆసియా చూసి సమర్కండ్ నుంచి ఎవరో ముత్తాత వచ్చాడనుకోవద్దు. కంపెనీ తన దగ్గరున్న ఇప్పటి మనుషుల నమూనాలతో మీ డీఎన్ఏ ముక్కలు పోల్చి ఏది దగ్గరగా ఉంటే ఆ పేరు పెడుతుంది. వాళ్ల దగ్గర రాయలసీమ నమూనాలు ఎన్నుంటాయి చెప్పండి. కొత్త నమూనాలు చేరినప్పుడల్లా శాతాలు మారతాయి, వచ్చే ఏడాది అదే ఉమ్మికి ఇంకో లెక్క రావచ్చు. సీసీఎంబీ పరిశోధనల ప్రకారం మన దేశంలో దాదాపు అందరూ రెండు పాత జనాల కలయిక, ఆ కలయిక 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందట జరిగింది, ఆ తర్వాత తలుపులు మూసుకుని ఎవరి గుంపులో వాళ్లు పెళ్లిళ్లు చేసుకున్నారు. తల్లి వైపు గుంపు, తండ్రి వైపు గుంపు అని రిపోర్టులో అక్షరాలతో ఇచ్చేవి కూడా ఒక్కో గీత మాత్రమే. పది తరాలు వెనక్కి పోతే మనకు 1,024 మంది పూర్వీకుల స్థానాలు, ఆ రెండు గీతలూ వాళ్లలో ఇద్దరి గురించే చెప్తాయి. దూరపు చుట్టాలు అని చూపించే పేర్లు కూడా మన విషయంలో ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తాయి, ఒకరితోనే నాలుగైదు దారుల్లో బంధుత్వం ఉంటుంది కాబట్టి. మూలాల మీద నిజంగా ఆసక్తి ఉంటే ఒక ఆదివారం బనగానపల్లె వైపు వెళ్లి జ్వాలాపురం చూసి రండి, ఇండోనేషియాలో 74,000 ఏళ్ల కిందట పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద అక్కడ పొరగా కనిపిస్తుంది, ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. నేను మా పిల్లల్ని తీసుకెళ్లి ఆ తెల్లటి బూడిద చేత్తో ముట్టించాను.

ఇంటిల్లిపాదికీ కిట్లు వద్దు. డబ్బు దండగ అనే కాదు. డీఎన్ఏ పాస్‌వర్డ్ లాంటిది కాదు, పోతే మార్చుకోలేం, పైగా మీది మీ ఒక్కరిదే కాదు, సగం అమ్మగారిది, సగం నాన్నగారిది. 2023లో ట్వంటీ త్రీ అండ్ మీ నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగల చేతికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, కోటిన్నర మంది డేటా ఎవరి చేతికి పోతుందోనని నెలల తరబడి గొడవ జరిగింది. అంత పెద్ద కంపెనీ గతే అది. అమెరికాలో 2008 నుంచి జన్యు వివరాలు చూసి ఆరోగ్య బీమా, ఉద్యోగం నిరాకరించకూడదని చట్టం ఉంది, మన దగ్గర దానికోసం అలాంటి ప్రత్యేక చట్టం లేదు. 2018లో ఢిల్లీ హైకోర్టు జన్యు కారణాలతో బీమాలో వివక్ష చూపడం రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది గానీ, కోర్టు దాకా పోయే ఓపిక అందరికీ ఉండదు.

ఇంకో కారణం కూడా ఉంది, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్తాను. మన ఇళ్లల్లో పిల్లలు లేని అన్నకు తమ్ముడు బిడ్డను ఇవ్వడం, ఆ సంగతి ఆ బిడ్డకు చెప్పకపోవడం మామూలే. ప్రేమతో దాచిన విషయాలవి. కిట్ ఫలితం ఒక రాత్రిపూట ఫోన్‌లో వాటిని బయటపెడితే, పక్కన కూర్చుని చెప్పే మనిషి ఉండడు. అలా తెలుసుకుని నా గదిలో ఏడ్చిన 30 ఏళ్ల కుర్రాడిని చూశాను, పెంచిన తండ్రి బయట వరండాలో నిలబడి లోపలికి రాలేకపోయాడు.

మీ ఖాతాలోకి వెళ్లి నమూనా పారేయమని, పరిశోధనకు ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకుంటున్నానని పెట్టండి, ఫలితాలు మీ కంప్యూటర్‌లోకి దించుకుని ఖాతా తీసేయండి. ఆ ఫైలును ఉచితంగా విశ్లేషిస్తామనే వెబ్‌సైట్లలోకి ఎక్కించకండి, ఉన్న తప్పులకు ఇంకొన్ని తప్పులు కలిసి కొత్త జబ్బుల పేర్లు వస్తాయి, మళ్లీ అమ్మగారు అన్నం మానేస్తారు.

ఇక ఒక పని చేయండి. దసరాకు ప్రొద్దుటూరు వస్తారుగా, కన్యకా పరమేశ్వరి గుడి అమ్మవారిశాలకు చుట్టాలందరూ వస్తారు. ఆ నాలుగు రోజుల్లో ఒక మధ్యాహ్నం పెద్ద కాగితం పట్టుకుని అవ్వ పక్కన కూర్చోండి. మీ తరం, అమ్మానాన్నల తరం, వాళ్ల అమ్మానాన్నల తరం గీయండి. ఎవరు ఏ వయసులో దేనితో పోయారు, ఎవరెవరిది మేనరికం, ఎవరికి పుట్టి పోయిన పిల్లలు, ఎవరికి మత్తు దిగలేదు, ఎవరికి చిన్న వయసులో గుండెపోటు. "గుండె ఆగి పోయాడు" అంటే ఏ వయసులో అని అడగండి, "కడుపులో గడ్డ" అంటే ఆపరేషన్ ఎక్కడ అయిందో అడగండి. ఆడవాళ్ల తరఫు చుట్టాలను వదిలేయకండి, మన వంశవృక్షాల్లో పెళ్లయి వెళ్లిన ఆడపిల్లల కొమ్మలు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. చిన్నమ్మగారి ఫైలు ఎవరి బీరువాలో ఉందో వెతికించండి, బయాప్సీ రిపోర్టు ఒక్కటి దొరికినా చాలు, అమ్మగారికి ఏ పరీక్ష రాయాలో అది చూస్తే చాలావరకు తేలుతుంది.

ఆ కాగితం, చెల్లెలిదీ అబ్బాయిదీ హెచ్‌పీఎల్‌సీ రిపోర్టులు తీసుకుని వాళ్లిద్దరినీ జెనెటిక్స్ డాక్టరు దగ్గరికి పంపండి, మీరూ అమ్మగారూ వెళ్లండి. కాగితానికి లామినేషన్ మాత్రం చేయించకండి, అవ్వకు రాత్రికి ఇంకో ఇద్దరు గుర్తొస్తారు, వాళ్లనూ రాయాలి.